డల్ వేరు, స్లో వేరు



యూనిట్ టెస్టు పేపర్లు ఈపాటికి మీ ఇంటికి చేరి ఉంటాయి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మీరు మా ఎదురుగా కుర్చీలో కూర్చోగానే మీలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఏదో మాకు తెలుసు. "ఎట్లుండాడు సార్ మావోడు? మ్యాథ్స్‌లో కొంచెం డల్లు కదా?" ఆ మాట అనేటప్పుడు పిల్లవాడు మీ పక్కనే నిలబడి ఉంటాడు. తల ఎత్తడు. బూటు ముందు భాగంతో నేల మీద గీతలు గీస్తూ ఉంటాడు.

ప్రతి నెలా ఈ పేజీలో కవలల్లా కనిపించే రెండు ఇంగ్లీషు మాటలను తీసుకుని తేడా చెప్పుకుంటున్నాం కదా. ఈ నెల జంట: డల్, స్లో. రెండూ చిన్న మాటలే. రెండూ మన తెలుగులో ఎప్పుడో కలిసిపోయాయి. బడికి పోని అవ్వ కూడా "బేరం డల్లుగా ఉంది", "బస్సు స్లోగా పోతాంది" అంటుంది. ఇంత బాగా తెలిసిన మాటలకు పాఠం ఎందుకు అంటారా? ఈ రెంటినీ కలిపేయడం వల్ల నష్టపోయేది మార్కులు కాదు, పిల్లలు. అందుకు.

ముందు నా తప్పు చెబుతాను

చాలా ఏళ్ల కిందట, వేరే ఊళ్లో పనిచేసేటప్పటి సంగతి. నేను ఐదో తరగతికి క్లాస్ టీచర్ని. ఒక అబ్బాయి లెక్కల స్లిప్ టెస్టులో ఇరవై లెక్కలకు పద్నాలుగే చేశాడు. పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్ల నాన్న, అవ్వ వచ్చారు. నేను మార్కులు చూపించి, "హీ ఈజ్ ఎ బిట్ డల్" అన్నాను. ఇంగ్లీషులో అంటే మాట కాస్త మెత్తగా ఉంటుందని అప్పట్లో నా నమ్మకం.

నాన్నకు అర్థమై ముఖం చిన్నబోయింది. అవ్వకు అర్థం కాలేదు. "ఏమంటాండాడు సారు?" అని అడిగింది. ఆయన గొంతు తగ్గించి, "మొద్దంటమ్మా" అన్నాడు.

అవ్వ నా వైపు తిరిగింది. "మొద్దు కత్తయితే సాన పట్టిస్తే పదునెక్కతాది సామీ. మావోడు మొద్దు కాదు, నిదానం. అన్నం తినేది నిదానమే, తువ్వాలు మడిచేది నిదానమే. నిదానంగా పొయ్యే ఎద్దును ఎవరన్నా సాన పట్టిస్తారా?" అంది.

ఆ సాయంత్రం ఆ పేపరు మళ్లీ తీసి చూశాను. వాడు చేసిన పద్నాలుగు లెక్కల్లో పదమూడు రైటు. మార్జిన్‌లో ప్రతి లెక్కనూ రెండోసారి చేసి సరిచూసుకున్న గుర్తులు ఉన్నాయి. అది నేను దిద్దిన పేపరే. మార్కులు కూడాను గానీ, వాడు ఏం చేశాడో చూడలేదు.

తర్వాతి వారం వాణ్ణి బోర్డు దగ్గరకు పిలిస్తే రాలేదు. "నేను డల్లు సార్, ఇంకెవర్నన్నా అడగండి" అన్నాడు. ఆ మాట వాడి నోటికి రావడానికి వారం పట్టలేదు. పోవడానికి ఆ ఏడాదంతా పట్టింది.

ఇంగ్లీషు టీచర్ని అయ్యుండి నాకు తెలియని తేడా ఆ అవ్వకు తెలుసు. ఆమె చెప్పిన కత్తినీ ఎద్దునూ మనసులో పెట్టుకుంటే ఈ పాఠం సగం అయిపోయినట్టే.

డల్ అంటే ఏమిటి?

ఈ మాటకు చాలా అర్థాలున్నాయి. కానీ అన్నింటిలోనూ ఒక లోటు కనిపిస్తుంది. ఉండాల్సిన పదునో, మెరుపో, వెలుతురో, ఉత్సాహమో లేకపోతే అది డల్.

పదును లేనిది: మొద్దుబారిన కత్తి డల్ నైఫ్. అమెరికావాళ్లు ఇలా ఎక్కువగా అంటారు. బ్రిటిష్ ఇంగ్లీషులో, మన పాఠ్యపుస్తకాల్లో దీనికి బ్లంట్ అనే మాట ఎక్కువ. రెండూ సరైనవే.

మెరుపు లేనిది: చింతపండుతో తోమకముందు ఇత్తడి దీపపు కుంది, నాలుగు ఉతుకులకు వెలిసిపోయిన చొక్కా రంగు. ఇవి డల్.

వెలుతురు లేనిది: కార్తీకమాసంలో మనకు ముసురు పట్టి, కొండలు కూడా కనపడకుండా మబ్బు కమ్ముకున్న రోజు ఎ డల్ డే.

ఆసక్తి పుట్టించనిది: డల్ మూవీ, డల్ స్పీచ్, డల్ లెసన్. డల్ లెసన్ అన్నామంటే తప్పు పాఠానిదే, విన్న పిల్లవాడిది కాదని గమనించండి.

తీవ్రత లేనిది: పోటులా పొడవకుండా ఉండీ లేనట్టు పీకుతూ ఉండే నొప్పి డల్ పెయిన్. డాక్టరు "షార్పా, డల్లా?" అని అడిగేది దీని గురించే.

చివరిది, బుద్ధికి పదును లేనిది. ఈ మాటకు ఉన్న బాగా పాత అర్థాల్లో ఇదొకటి. అందుకే ఇంగ్లీషు తెలిసినవాళ్ల చెవిలో "హీ ఈజ్ డల్" అన్న వాక్యం చాలా బరువుగా పడుతుంది. దానికి రెండే అర్థాలు: వాడికి తెలివి తక్కువ, లేదా వాడితో మాట్లాడితే విసుగు. రెండూ మీరు అనాలనుకున్నవి కావు.

ఇక్కడ మన తెలుగు డల్‌కూ ఇంగ్లీషు డల్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. "ఏంరా, ఈరోజు డల్‌గా ఉండావు?" అని మనం అడిగితే, హుషారుగా లేవేం అని అర్థం. నిద్ర చాలలేదేమో, ఒళ్లు వెచ్చబడిందేమో, స్నేహితుడితో గొడవపడ్డాడేమో. అది ఈ పూటకు సంబంధించిన సంగతి. "గా" అనే చిన్న ముక్క దాన్ని తాత్కాలికం చేస్తుంది. ఆ "గా" తీసేసి "వాడు డల్" అంటే మాత్రం అది వాడి స్వభావమే అయిపోతుంది. ఒక్క అక్షరం తేడాతో ఈ పూట సంగతి కాస్తా పుట్టుక సంగతి అయిపోతుంది.

ఇంగ్లీషులో ఆ "గా" లేదు. కాబట్టి పిల్లల డైరీలో "మై సన్ ఈజ్ డల్ టుడే" అని రాయకండి. నెలకు ఒకటి రెండు సార్లయినా మాకు ఈ వాక్యం కనిపిస్తుంది. మీ ఉద్దేశం మాకు అర్థమవుతుంది గానీ, వాక్యం చెప్పేది అది కాదు. నలతగా ఉంటే "హీ ఈజ్ నాట్ ఫీలింగ్ వెల్ టుడే" అనండి. అలసిపోయి ఉంటే "హీ ఈజ్ టైర్డ్", మనసు బాగాలేకపోతే "హీ ఈజ్ ఫీలింగ్ లో" అని రాస్తే సరిపోతుంది.

స్లో అంటే ఏమిటి?

స్లోలో ఉన్నది లోటు కాదు, కాలం. ఒక పనికి ఎంతసేపు పట్టింది అన్నదే ఇందులో సంగతి. ఆ పని బాగా అయిందా లేదా అన్నది ఈ మాట చెప్పదు.

రేణిగుంట నుంచి పుత్తూరు మీదుగా అరక్కోణం వైపు పోయే ప్యాసింజర్ రైలు స్లో. అదే పట్టాల మీద పోయే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఫాస్ట్. ప్యాసింజర్ పూడిలో, తడుకులో ఆగి మనుషులను ఎక్కించుకుని పోతుంది. దాని ఇంజను చెడిపోయి స్లో కాలేదు, ఆగాల్సిన చోట్లు ఎక్కువ కాబట్టి స్లో అయింది. కొంతమంది పిల్లలు లెక్క చేసేది కూడా ఇలాగే. ప్రతి మెట్టు దగ్గరా ఆగి సరిచూసుకుని ముందుకు పోతారు.

గోడ గడియారం ఐదు నిమిషాలు వెనకబడితే "ద క్లాక్ ఈజ్ ఫైవ్ మినిట్స్ స్లో" అనాలి. పిల్లలు "క్లాక్ ఈజ్ లేట్" అని రాస్తుంటారు. లేట్ అయ్యేది మనుషులు, బస్సులు, రైళ్లు. గడియారం స్లో అవుతుంది.

స్లో మెచ్చుకోలు కూడా కాగలదు. "షీ ఈజ్ స్లో టు గెట్ యాంగ్రీ" అంటే ఆమెకు ఒక పట్టాన కోపం రాదని. ఇక్కడ స్లో తీసి డల్ పెట్టి చూడండి, వాక్యమే నిలబడదు. సంగటి సన్న సెగ మీద నిదానంగా మగ్గాలి. పెద్ద మంట పెడితే అడుగంటుతుంది, లోపల పలుకు మిగులుతుంది. అక్కడ నిదానం వంటలో భాగమే.

పిల్లలకు చెప్పడానికి ఒక చిన్న సంగతి. ట్రూ నుంచి ట్రూత్, వార్మ్ నుంచి వార్మ్‌త్ వచ్చినట్టే, స్లో నుంచి స్లోత్ అనే మాట వచ్చింది. బద్ధకం అని అర్థం. చెట్టుకు తలకిందులుగా వేలాడుతూ మెల్లగా కదిలే దక్షిణ అమెరికా జంతువుకు ఆ పేరే పెట్టారు. అంటే స్లోను బద్ధకంతో కలిపేయడం ఇంగ్లీషువాళ్లకూ పాత అలవాటే. అందుకే ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. దేంట్లోనో చెప్పకుండా ఊరికే "హీ ఈజ్ స్లో" అంటే, ఇంగ్లీషులో అది కూడా తెలివితక్కువ అనే చోటికే పోతుంది. "హీ ఈజ్ స్లో ఇన్ రైటింగ్", "షీ ఈజ్ ఎ స్లో రీడర్" అనండి. మాట పని మీద పడాలి, పిల్లవాడి మీద కాదు.

మనం ఎందుకు కలిపేస్తాం?

సంస్కృతం నుంచి మనకు వచ్చిన "మంద" అనే మాట చూడండి. మందగమనం అంటే నెమ్మదైన నడక, అంటే స్లో. మందబుద్ధి అంటే పదును లేని బుద్ధి, అంటే డల్. మందహాసం అంటే చిరునవ్వు, అందులో ఏ లోటూ లేదు. ఒక్క మాటలోనే నెమ్మది, మొద్దుతనం, సున్నితం మూడూ ఇమిడిపోయాయి. శనికి మందుడనే పేరుంది, నెమ్మదిగా నడిచేవాడని. శని గ్రహం సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు 29 ఏళ్లున్నర పడుతుంది. అది సూర్యుడికి చాలా దూరంలో ఉంది, తిరగాల్సిన దారి చాలా పెద్దది, నడక కూడా నెమ్మదే. అంతేగాని అందులో గ్రహం తప్పేమీ లేదు.

మన వాడుక తెలుగులో మాత్రం తేడా స్పష్టంగానే ఉంది. మొద్దు వేరు, నిదానం వేరు. "నిదానమే ప్రధానం" అన్నవాళ్లం మనమే. "ఆలస్యం అమృతం విషం" అన్నదీ మనమే. ఏది ఎక్కడ వాడాలో పెద్దలకు తెలుసు. మొద్దు, నిదానం అనే రెండు మాటలనూ పక్కనపెట్టి రెంటికీ కలిపి డల్ అనడం మొదలుపెట్టాక ఆ తేడా మన చేతుల్లోంచి జారిపోయింది.

రెండు మాటలూ నిజంగా కలిసే చోట్లు కొన్ని ఉన్నాయి. బేరాలు లేని రోజు "బిజినెస్ ఈజ్ డల్" అనవచ్చు, "బిజినెస్ ఈజ్ స్లో" అని కూడా అనవచ్చు. సినిమాకూ రెండూ వాడవచ్చు. కాకపోతే స్లో మూవీ అంటే కథ నెమ్మదిగా నడిచిందని, డల్ మూవీ అంటే విసుగు పుట్టించిందని. నెమ్మదిగా నడిచినా కళ్లు తిప్పుకోనివ్వని సినిమాలు మీరూ చూసే ఉంటారు.

సందేహం వస్తే ఒక సులువైన పరీక్ష ఉంది. వ్యతిరేక పదం పెట్టి చూడండి. ఫాస్ట్, క్విక్ సరిపోతే మీకు కావాల్సిన మాట స్లో. షార్ప్, బ్రైట్, ఇంట్రెస్టింగ్ సరిపోతే కావాల్సింది డల్. ఇదే పరీక్షను పిల్లల మీద తిప్పి చూడండి. ఫాస్ట్‌గా రాసే ప్రతి పిల్లవాడూ బ్రైటేనా? ఇరవై లెక్కలూ గబగబా చేసి ఆరు తప్పులు చేసినవాణ్ణి ఫాస్ట్ అంటాం గానీ బ్రైట్ అనం కదా. మరి పద్నాలుగు చేసి పదమూడు రైటు చేసినవాణ్ణి డల్ అని ఎట్లా అంటాం?

మదనపల్లె అబ్బాయి

మన సీమలోనే పుట్టిన ఒక పిల్లవాడి కథ చెబుతాను. 1895లో మదనపల్లెలో ఒక రెవెన్యూ ఉద్యోగి ఇంట్లో ఎనిమిదో సంతానంగా పుట్టాడు. చిన్నప్పుడే మలేరియా వచ్చి, అది తిరగబెడుతూ ఉండేది. బడి చాలా రోజులు పోయేది. పదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. బడిలో పాఠం వింటున్నట్టే ఉండడు, పరధ్యానంగా ఎటో చూస్తూ ఉంటాడు. ఉపాధ్యాయులు వాడికి బుద్ధి లేదని తేల్చేశారు. దెబ్బలు కొట్టారు. 1909లో కుటుంబం మద్రాసు అడయారుకు మారాక కూడా బడిలో అదే మాట, అవే దెబ్బలు. తమ్ముడు నిత్య చురుకైనవాడు కావడంతో పోలిక కూడా తప్పలేదు.

ఆ అబ్బాయి జిడ్డు కృష్ణమూర్తి.

ఆయన జీవితచరిత్ర రాసిన మేరీ లట్యెన్స్ చిన్ననాటి సంఘటన ఒకటి చెబుతారు. ఒకరోజు వాళ్ల నాన్న గడియారాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేశాడట. మళ్లీ బిగించేదాకా బడికి పోనన్నాడు, అన్నం కూడా తిననన్నాడు. చివరికి బిగించాడు. బడిలో బుద్ధి లేదనిపించుకున్న పిల్లవాడు ఇంట్లో గడియారం లోపల ఏ చక్రం దేన్ని తిప్పుతుందో కనిపెట్టేదాకా కదల్లేదు.

ఈ కథను తీపి చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. కృష్ణమూర్తి తర్వాత కూడా పరీక్షల్లో రాణించలేదు. ఇంగ్లండులో మెట్రిక్యులేషన్ ఎన్నిసార్లు రాసినా పాస్ కాలేకపోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎన్నో దేశాల్లో మాట్లాడారు. డేవిడ్ బోమ్ వంటి భౌతిక శాస్త్రవేత్త ఆయనతో కూర్చుని చేసిన సంభాషణలు పుస్తకాలుగా వచ్చాయి. 1986లో తొంభై ఏళ్ల వయసులో చనిపోయారు. మదనపల్లె దగ్గర ఆయన చొరవతో ఏర్పడిన రిషివ్యాలీ బడి ఇప్పటికీ నడుస్తోంది. మీ పిల్లవాడు కూడా ఇంకో కృష్ణమూర్తి అవుతాడని నేను అనడం లేదు. ఆయనకు డల్ అని పేరు పెట్టినవాళ్లు పరీక్ష పేపరు ఒక్కటే చూశారు, మలేరియానూ గడియారాన్నీ చూడలేదు అంటున్నాను.

పేరు పెడితే ఏమవుతుంది?

1963లో అమెరికాలో రాబర్ట్ రోసెంథాల్, కెర్మిట్ ఫోడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు వెల్లడించారు. విద్యార్థుల చేతికి తెల్ల ఎలుకలను ఇచ్చి, చిక్కుదారిలో వాటికి దారి నేర్పమన్నారు. సగం మందికి "ఇవి బ్రైట్ ఎలుకలు" అని, మిగతా సగం మందికి "ఇవి డల్ ఎలుకలు" అని చెప్పారు. సరిగ్గా ఆ రెండు మాటలే. నిజానికి ఎలుకలన్నీ మామూలువే, ఏ తేడా లేదు. అయినా బ్రైట్ అని పేరు పెట్టిన ఎలుకలే బాగా నేర్చుకున్నాయి. తెలివైనవి అనుకున్నవాటితో విద్యార్థులు మరింత ఓర్పుగా, మెత్తగా మెలిగారు. ఎలుకలకు ఇంగ్లీషు రాదు. మాట మారింది మనుషుల మనసులో. వాళ్ల చేతులు మారాయి, దాంతో ఫలితమూ మారింది.

ఆ తర్వాత ఇదే రోసెంథాల్, లెనోర్ జాకబ్సన్‌తో కలిసి కాలిఫోర్నియాలో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలతో ప్రయోగం చేశారు. చీట్లు తీసినట్టు ఎంపిక చేసిన కొంతమంది పిల్లల పేర్లు టీచర్లకిచ్చి, వీళ్లు ఈ ఏడాది బాగా ఎదుగుతారని చెప్పారు. ఏడాది చివర చూస్తే ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు నిజంగానే ముందుకు పోయారు. 1968లో ఇది పుస్తకంగా వచ్చింది. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న దాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి. కానీ మన నమ్మకం మన ప్రవర్తనలోకి దిగుతుందన్నది ఏ తల్లికీ కొత్త సంగతి కాదు. డల్ అనుకున్న పిల్లవాణ్ణి మనం తక్కువ ప్రశ్నలు అడుగుతాం. జవాబు కోసం తక్కువసేపు ఆగుతాం. వాడికి నేర్చుకునే అవకాశం అక్కడే తగ్గిపోతుంది.

ఇంట్లో చేసి చూడండి

పిల్లవాడు వెనకబడ్డాడనిపిస్తే, పేరు పెట్టేముందు ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి. తప్పులు చేసిన పేపరునే గడియారం పక్కనపెట్టి మళ్లీ చేయించండి. ఎంతసేపైనా చేసుకోమనండి. ఇప్పుడు రైటు చేస్తే సమస్య వేగానిది. దానికి అభ్యాసం చాలు. ఇప్పుడూ తప్పు చేస్తే ఆ పాఠం అర్థం కాలేదని. అప్పుడు మళ్లీ చెప్పాల్సింది మేము. ఈ రెంటిలో ఏదీ డల్ కాదు.

రెండు. నోటితో జవాబు బాగా చెప్పి, రాయలేకపోతున్నాడా? బోర్డు మీది అక్షరాలు కాపీ చేయడానికి పక్కవాడి నోట్సు చూస్తున్నాడా? ముందు కళ్ల పరీక్ష చేయించండి. వెనక నుంచి పిలిస్తే పలకకపోతుంటే చెవులు చూపించండి.

మూడు. ఇదివరకు హుషారుగా ఉన్న పిల్లవాడు కొన్ని వారాలుగా డల్‌గా ఉంటే, నిద్ర ఎన్ని గంటలు పోతున్నాడో లెక్క చూడండి. రక్తహీనత ఉన్నా పిల్లలు ఇలాగే నీరసపడతారు. చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

నాలుగు. తెలివిగా మాట్లాడతాడు గానీ చదవడంలో అక్షరాలు తారుమారవుతుంటే, ఎంత సాధన చేయించినా అదే ఇబ్బంది ఉంటే మాతో మాట్లాడండి, నిపుణులకు చూపించండి. డిస్లెక్సియా వంటి నేర్చుకునే ఇబ్బందులను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ధ్రువీకరణ ఉన్న పిల్లలకు బోర్డు పరీక్షల్లో అదనపు సమయం ఇచ్చే ఏర్పాటు ఉంది. డల్ అనే మాట దగ్గరే ఆగిపోతే ఈ తలుపు దాకా మనం పోనే పోము.

మాకూ ఒక నియమం పెట్టుకున్నాం. మీటింగ్‌లో మాలో ఎవరైనా "డల్" అంటే ఆపి మూడు ప్రశ్నలు అడగండి. దేంట్లో? ఎప్పటి నుంచి? టైమిస్తే చేస్తాడా? ఈ మూడింటికి జవాబు చెప్పలేకపోతే ఆ మాట అనే హక్కు మాకు లేదు.

ఇంకో సంగతి. పనే తప్ప ఆట లేకపోతే జాక్ డల్ బాయ్ అవుతాడని ఇంగ్లీషులో ఒక సామెత ఉంది. 1659లో జేమ్స్ హోవెల్ అచ్చువేసిన సామెతల్లోనే అది కనిపిస్తుంది. జాక్ డల్‌గా పుట్టాడని సామెత అనలేదు, ఆట లేక అట్లా అయ్యాడు అంటుంది. స్టడీ అవర్ అయ్యాక సాయంత్రం అరగంట వీధిలో ఆడుకోనివ్వండి. ఇది స్కూలు తరఫునే చెబుతున్నాను.

ఈ నెల అభ్యాసం

ఖాళీల్లో డల్ లేదా స్లో పెట్టండి. పిల్లలతో కలిసి చేయండి, ముందు మీరు జవాబు చెప్పకండి.

1. దిస్ నైఫ్ ఈజ్ ____. ప్లీజ్ షార్పెన్ ఇట్.
2. ద ప్యాసింజర్ ట్రైన్ ఈజ్ ____, బట్ ఇట్ స్టాప్స్ ఎట్ అవర్ స్టేషన్.
3. అవర్ వాల్ క్లాక్ ఈజ్ టెన్ మినిట్స్ ____.
4. ద బ్రాస్ ల్యాంప్ లుక్స్ ____.
5. షీ ఈజ్ ____ టు బ్లేమ్ అదర్స్.
6. ఐ హ్యావ్ ఎ ____ పెయిన్ ఇన్ మై షోల్డర్.
7. ద మూవీ వాజ్ సో ____ దట్ గ్రాండ్‌మదర్ ఫెల్ అస్లీప్.
8. మై చైల్డ్ ఈజ్ ____.

జవాబులు: 1. డల్. 2. స్లో. 3. స్లో. 4. డల్. 5. స్లో. 6. డల్. 7. రెండూ సరిపోతాయి. కథ నడక వల్ల నిద్రపోతే స్లో, విసుగుతో నిద్రపోతే డల్. ఏది అనేది అవ్వనే అడగండి.

8వ ఖాళీలో ఏదీ పెట్టకండి. అది ఒక్క మాటతో పూర్తయ్యే వాక్యం కాదు. ఈ వారం మీ పిల్లవాడి పక్కన కూర్చుని, వాడు ఒక లెక్క మొదలుపెట్టి ముగించేదాకా మాట్లాడకుండా చూడండి. తర్వాత ఆ వాక్యాన్ని మీరు చూసిన దానితో పూర్తి చేయండి. "బోర్డు మీద నుంచి కాపీ చేయడంలో స్లో", "ప్రతి లెక్కా రెండుసార్లు సరిచూసుకుంటాడు", "భాగాహారం దగ్గర ఆగిపోతున్నాడు", ఇలా ఏదైనా సరే. ఆ వాక్యాన్ని డైరీలో రాసి పంపండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. వచ్చే మీటింగ్‌లో మన మాటలు అక్కడి నుంచే మొదలుపెడదాం.